రెండు దిక్కులా ‘ఉంట’ అన్నాకే

ఫోన్‌లో ఏదో చదువుకుంటూ ఉంటారు. నడిమధ్యలో ఒక ప్రకటన అడ్డం వస్తుంది. మీరు విసుక్కుని, మూలన ఉన్న చిన్న ఇంటూ గుర్తు నొక్కి, మళ్లీ చదువులో పడతారు. నాకూ విసుగొస్తుంది. కానీ విసుగు వెనకే ఒక గది గుర్తొస్తుంది. భువనగిరిలో టెలిఫోన్ ఎక్స్ఛేంజి పక్కన, కిటికీలోంచి గుట్ట మీది కోట కనిపించే గది. ఆ గదిలో నా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి గుర్తొస్తాడు. ఇక చదువుతున్నది ఎక్కడ ఆపానో మర్చిపోతాను.

నేను ఉద్యోగంలో చేరింది నల్లగొండ ట్రంకు బోర్డు మీద, ఎనభైల మొదట్లో. ట్రంకు బోర్డంటే మీ వయసు పిల్లలకు చెప్పాలి. అప్పట్లో ఊరి నుంచి ఊరికి నేరుగా ఫోన్ చేయడం కుదిరేది కాదు. మాకు చెప్పాలి. మేం అవతలి ఊరి ఆపరేటరును పిలిచి, ఒక తాడు ఈ రంధ్రంలో, ఒక తాడు ఆ రంధ్రంలో గుచ్చితే ఇద్దరి గొంతులూ కలిసేవి. మాటలు అయిపోయాక తాడు గుంజేయాలి. పని అంతే. కాకపోతే ఎప్పుడు గుంజాలన్నదే అసలు విద్య.

ఆ విద్య నాకు నేర్పింది మా సూపర్‌వైజరు. ఆయన్ను అందరం పెద్దసారు అనేవాళ్ళం. నల్లగొండలోనే పుట్టి పెరిగిన ముస్లిం. రోహిణి ఎండల్లో కూడా మెడ గుండీ విప్పని మనిషి. చేరిన రోజే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు.

“బేటీ, గడియారం జూసి గుంజకు. చెవివెట్టి విని గుంజు. ఈ దిక్కు ‘ఉంట’ అనాలె, ఆ దిక్కు ‘ఉంట’ అనాలె. రెండు దిక్కుల ఉంట అన్నాకే కాల్ ఖతమైనట్టు. ఒక్క దిక్కే అన్నరనుకో, లైన్ల ఇంక మనిషున్నట్టే.”

మన దగ్గర ఎవరింటి నుంచి లేచినా ‘పోతా’ అనరు కదా. ‘పోయొస్త’ అని గడప దాటుతారు. ఫోన్లో దాటడానికి గడప లేదు. అందుకే కాబోలు, ‘ఉంట మరి’ అంటారు. ఉంటానని చెప్పి పెట్టేస్తారు. ఇందులో వింత ఉందని అప్పుడు నాకు తోచలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెవిలో పడే మాట అది.

శాఖ నిబంధన వేరే ఉండేది. గడువు గంట మోగగానే హెచ్చరించాలి, తర్వాత గుంజేయాలి. మా బోర్డు మీద పెద్దసారు నిబంధనే నడిచింది. పై అధికారి వచ్చి గదమాయిస్తే ఆయన చేతులు కట్టుకుని, “జర చెవులు మందం సార్, గంట వినబళ్లే” అనేవారు. చెవులు మందమైన మనిషిని ట్రంకు బోర్డు మీద ఎందుకు పెట్టామని ఆ అధికారి ఒక్కసారీ ఆలోచించలేదు.

తొంభైల్లో ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి వచ్చింది. జనం నేరుగా అంకెలు నొక్కుకుని మాట్లాడుకోసాగారు. మా బోర్డును విప్పి వరండాలో పడేశారు. దాని మీద ఎవరో రోజూ టిఫిన్ డబ్బా పెట్టుకునేవారు. చూసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. నన్ను భువనగిరిలో ఫిర్యాదుల కౌంటరుకు పంపారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు, ఆ దశకం అయిపోవస్తుండగా, ఎక్స్ఛేంజి పక్క గదిలో రెండు కంప్యూటర్లు పెట్టి జనానికి ఇంటర్నెట్ అన్నారు. జనంతో మాట్లాడే అలవాటు ఉన్నవాళ్ళు కావాలని నన్ను అందులో కూర్చోబెట్టారు. ఇంచార్జిగా ఎవరొస్తారా అని చూస్తుంటే, రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్దసారు మెడ గుండీ పెట్టుకుని లోపలికి వచ్చారు. సంతోషం పట్టలేక లేచి నిలబడ్డాను.

కంప్యూటర్ల మీద దుమ్ము పడొద్దని చెప్పులు బయటే విప్పించేవాళ్ళం. లోపల ఏసీ. బస్సు కోసం వచ్చిన ముసలివాళ్ళు కొందరు చల్లగా ఉందని ఊరికే వచ్చి కూర్చునేవారు. పెద్దసారు వాళ్ళను లేపనిచ్చేవారు కాదు.

ఇక ప్రకటనల గొడవ. ఒక పేజీ తెరిస్తే దాని మీద ఇంకో చిన్న కిటికీ తెరుచుకునేది. అది మూస్తే రెండు వచ్చేవి. కొన్ని మరీ మొండివి. మనం చూస్తున్న పేజీని మింగేసి ఆ జాగాలో తామే కూర్చునేవి. పైన ‘వెనక్కి’ అని ఒక బాణం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే ముందు చూసిన పేజీకి పోవాలి. పోనిచ్చేవి కావు. ఎన్నిసార్లు నొక్కినా తిప్పి తిప్పి అదే ప్రకటన ముందు నిలబెట్టేవి. ఇప్పుడు వీటిని ఆపే కిటుకులు మీకు ఉన్నాయి. మాకు అప్పుడు చేతిలో మౌసు ఒక్కటే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దాన్ని బల్లకేసి కొట్టేదాన్ని. పెద్దసారు మాత్రం కళ్ళద్దాలు సర్దుకుని ప్రతి ప్రకటననూ మొదలు నుంచి చివరిదాకా చదివాకే మూసేవారు.

“ఎందుకు సార్ గవన్ని చదువుడు? మూసెయ్యిండ్రి” అనేదాన్ని.

“ఎవరో పాపం ఏదో చెప్పుకుంటాండు బేటీ. వినకుంట మొకం మీద తలుపేస్తే ఎట్ల?”

“పిలిస్తే వచ్చిండా ఆయిన?”

“వచ్చినోళ్ళు ఎట్లన్న పోతరు తియ్యి.”

వాళ్ళు పోయేవాళ్ళు కాదు. ఆ సంగతి ఆయన ఒప్పుకునేవారు కాదు.

శుక్రవారం శుక్రవారం ఒకామె వచ్చేది. రామన్నపేట వైపు ఊరు, వ్యవసాయం చేసుకునే ఇల్లు. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త దుబాయి పోయాడు. మా వైపు ఎడారి దేశం ఏదైనా దుబాయే. అప్పటికామె కడుపుతో ఉంది. పాప పుట్టింది, నడక వచ్చింది, మాటలు వచ్చాయి. తండ్రి మాత్రం రాలేదు. ఆయన ఉండే క్యాంపులో ఫోన్ లేదు. శుక్రవారం సెలవు కాబట్టి అక్కడి పట్నానికి పోయి ఇంటర్నెట్ దుకాణంలో కూర్చునేవాడు. ఈమె పాపను చంకనేసుకుని మా దగ్గరికి వచ్చేది. ఇద్దరూ తెర మీద అక్షరాలతో మాట్లాడుకునేవారు.

ఆమెకు టైపు రాదు. ఆమె చెప్పిన తెలుగునే నేను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేదాన్ని. ఆయన రాసింది చదివి వినిపించేదాన్ని. మళ్లీ ట్రంకు బోర్డు మీద కూర్చున్నట్టే ఉండేది, గొంతులే లేవు. ఆలుమగల మాటలు కదా, కొన్ని చెప్పడానికి సిగ్గుపడి గోడ వైపు చూసేది. అప్పుడు పెద్దసారు, “చాయ్ తాగొస్త” అని తనకు తానే లేచి బయటికి వెళ్ళేవారు. ఆయనకు చాయ్ పడదని నాకు తెలుసు.

ఒక శుక్రవారం ఆ మాటల మధ్యలో ఒక ప్రకటన వచ్చింది. పండ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న ఒక తెల్లాయన బొమ్మ. పండ్లాయన అనేవాళ్ళం, అతను ఏం అమ్ముతున్నాడో మాకు ఎప్పుడూ అర్థం కాలేదు. పాప తెర మీద వేలు పెట్టి, “బాపు!” అంది.

“బాపు గాదే, గాయినెవరో” అని తల్లి నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్ళకు అద్దుకుంది. పెద్దసారు ఆ ఒక్క ప్రకటనను మాత్రం చదవకుండా మూసేశారు.

సీతాఫలాలు బండ్ల మీదికి వచ్చిన రోజుల్లో ఆమె భర్త ఒక సంగతి రాశాడు. కంపెనీవాళ్ళు మళ్లీ కాగితాల మీద సంతకం పెట్టమంటున్నారు. పెడితే ఇంకొన్నేళ్ళు అక్కడే. పెట్టకపోతే ఇంటికి. ‘నువ్వు ఎట్ల చెప్తే గట్లనే. వచ్చే శుక్రారం చెప్పు’ అన్నాడు. చదివి వినిపించాను. ఆమె పాప జుట్టు సవరిస్తూ కూర్చుంది.

మరుసటి శుక్రవారం మేం తలుపు తీయకముందే వచ్చి మెట్ల మీద కూర్చుంది.

“వారం సంది సోంచాయిస్తున్నక్కా. అత్తమ్మ ఉండనీ అంటది. ఇంకొన్నేండ్లుంటే ఇల్లు నిలబడుతదంటది. నాకు తిండి వోతలేదు” అంది.

“నీకేమనిపిస్తాంది?” అని అడిగాను.

“నాకేమనిపిస్తదక్కా? గీ పిల్ల ఎవరి బొమ్మ జూసినా బాపు అంటాంది.”

ఆయన తెర మీదికి వచ్చాడు. మంచిచెడ్డలు అడిగాడు. తర్వాత, ‘చెప్పు’ అని రాశాడు.  నేను మీటల మీద వేళ్ళు పెట్టుకుని ఎదురుచూస్తున్నాను. పెద్దసారు చాయ్ వంక పెట్టుకోవడం కూడా మర్చిపోయి నిలబడిపోయారు.

“రా అని కొట్టక్కా” అంది.

“గంతేనా?”

“గంతే. ఇంకేం రాయకు.”

కొట్టాను. పంపాను. మా లైను నత్తనడక. కాసేపటికి కింద ఒక మాట తేలింది. ‘ఉంట.’ నేను అది చదవడం, పండ్లాయన ఎగిరొచ్చి పేజీ మొత్తాన్ని మింగేయడం ఒక్కసారే జరిగాయి. మూస్తే మళ్లీ వచ్చాడు. వెనక్కి బాణం నొక్కాను, మళ్లీ ఆయన మొహమే. పెద్దసారు మౌసు తీసుకుని ప్రయత్నించారు. చివరికి లైనే తెగిపోయింది. మళ్లీ కలుపుకుని, ఆ పేజీ తెరిచి చూస్తే అంతా ఖాళీ. ముందు మాట్లాడుకున్నది ఒక్క అక్షరం లేదు. ఆయన పేరు కూడా లేదు.

“ఏమన్నడక్కా?”

“ఉంట అన్నడు.”

ఆమె మొహం ముందు వెలిగింది. వెంటనే నల్లబడింది.

“ఉంట అంటే? ఉంట మరి అని పెట్టేసిండా? లేకుంటే ఆడనే ఉంట అన్నడా?”

 ముందు ‘సరే’ లేదు, వెనక ‘మరి’ లేదు. ఒట్టి ఉంట. గొంతు వినపడి ఉంటే ఏ ఉంటో ఇట్టే తెలిసేది. ఆ మాటను పొద్దుమాపూ విని బతికినదాన్ని నేను. అక్షరాల్లో అది నాకు తెలియలేదు. ఆ పండ్లాయన మీద, ఆ లైను మీద, అన్నిటి మీదా నాకు ఏడుపొచ్చింది.

పెద్దసారు కుర్చీ లాక్కుని ఆమె ముందు కూర్చున్నారు.

“బేటీ, ఆయిన ఉంట అన్నడు. మరి నువ్వన్నవా?”

“లే పెద్దసారూ. నాకు సందేడ దొరికింది?”

“ఇంకేంది మరి? ఒక్క దిక్కే అన్నరు. కాల్ ఇంక ఖతం కాలే. ఫికర్ జెయ్యకు.”

ఆమె వెళ్ళాక పెద్దసారు మీద విరుచుకుపడ్డాను. “ఇది ట్రంకు కాల్ గాదు సార్. గుంజెటందుకు తాడు గూడ లేదు. ఉత్తగ ఆశ పెడితే ఎట్ల?” అని అరిచాను.

“తాడు లేకుంటేంది, మనుషులు గా మనుషులే గద” అన్నారాయన.

మరుసటి శుక్రవారం ఆమె భర్త పేరు తెర మీద లేదు. ఆ తర్వాతి శుక్రవారమూ లేదు. మెయిలు పంపాం, జవాబు రాలేదు. ఆమె అత్తగారింట్లో, కొడుకు సంతకం పెట్టేశాడని ఖాయం చేసుకున్నారు. ఆమె మాత్రం రావడం మానలేదు. మనిషి సగమైపోయింది. కుర్చీలో కూర్చుని తెర వైపే చూసేది.

పెద్దసారు ఆమె వచ్చేసరికే ఆ పేజీ తెరిచి ఉంచేవారు. ప్రకటనలు వచ్చి దాన్ని మింగేయకుండా కాపలా కాసేవారు. ఎవరో పాపం ఏదో చెప్పుకుంటున్నాడని చదివే మనిషి, ఇప్పుడు కిటికీ పూర్తిగా తెరుచుకోకముందే ఠక్కున మూసేవారు. ఆ వయసులో ఆ చేతికి అంత చురుకు ఎక్కడిదో. పక్క కంప్యూటరు ముందున్నవాళ్ళు పేజీ రావడం లేదని గొడవ చేసినా ఆయన లేచేవారు కాదు. నేనే పోయి వాళ్ళ మీద అరిచి వచ్చేదాన్ని. అందులో నాకు మంచి పేరే ఉంది.

ఒకరోజు ఆమె మెల్లగా అడిగింది. “అక్కా, గా బాణం ఒక్కపారి నొక్కరాదూ. ఎనకకు పోతదేమో.”

పోదని తెలుసు. ఆ రోజు మాటలు ఎప్పుడో చెరిగిపోయాయి. అయినా నొక్కాను. ఏదో వెతుకుతున్నట్టు తెర వైపు చూశాను. 

చలి ముదిరిన ఒక శుక్రవారం. పెద్దసారు మధ్యాహ్నం నమాజుకు పోయారు. కాపలా నాకు అప్పగించి పోయారు. నేను పండ్లాయనతో కుస్తీ పడుతున్నాను, పాప నా పక్కన నిలబడి చూస్తోంది. ఇంతలో పెద్దసారు తిరిగొచ్చి గుమ్మంలో ఆగిపోయారు.

“బేటీ, బయట చెప్పుల కాడ ఎవరియో కొత్త బూట్లున్నయ్” అన్నారు. నాతో కాదు, ఆమెతో.

ఆయన పక్కకు జరిగారు. వెనక ఒకతను, కాళ్ళకు మేజోళ్ళతో, భుజాన పెద్ద సంచీతో నిలబడ్డాడు. లోపలికి రావాలో వద్దో తెలియనట్టు గడప మీదే ఆగాడు. ఎండకు కమిలిన మొహం. ఆమె లేచింది. కుర్చీ పడిపోయింది. 

“శుక్రారం నువ్వు ఈన్నే ఉంటవని తెలుసు. గందుకే ఇంటికి వోకుంట ఈన్నే దిగిన” అన్నాడతను.

ఆమె పాపను ఎత్తుకుని అతని వైపు తిప్పింది. “బాపు” అంది. 

పాప అతన్ని పైనుంచి కిందికి చూసింది. తెర వైపు తిరిగి పండ్లాయనను చూసింది. మళ్లీ ఇతన్ని చూసి, తల్లి నేర్పిన మాటనే అప్పజెప్పింది.

“బాపు గాదు. గాయినెవరో.”

అతను నవ్వబోయి, నవ్వలేక, సంచీ కింద పెట్టి ముఖం అటు తిప్పుకున్నాడు. నేను చూడలేకపోయాను. కిటికీలోంచి గుట్ట వైపు చూస్తూ నిలబడ్డాను.

కాస్త తేరుకున్నాక ఆమె అడిగింది. “ఉంట అంటివి గద?”

“ఆ దుకాణపోడు టైమైంది లే లే అని మీదవడ్డడు. ఉంట అని కొట్టిన. కొట్టినాక నాకే అనుమానమొచ్చింది, ఇదేందో ఆడనే ఉంట అన్నట్టయిందే అని. ఎంటనే మల్ల రాసిన. ‘ఉంట అంటే పెట్టేస్తున్న అన్నట్టు, ఈడ ఉంట అని గాదు, వస్తున్న’ అని. చూళ్లేదా?”

మేం ముగ్గురం తెర వైపు చూశాం. ఆ ఒక్క వరుస మీదే పండ్లాయన కూర్చున్నాడన్నమాట. పాస్‌పోర్టు చేతికిచ్చేదాకా కంపెనీవాళ్ళు అతన్ని ఎడారి లోపలి క్యాంపుకు పంపారట. అక్కడికి దగ్గర్లో ఏ పట్నమూ లేదు. మేం ఇక్కడ ఏం అనుకుంటున్నామో అతనికి తెలియనే తెలియదు.

పెద్దసారు కుర్చీ సరిచేసి కూర్చున్నారు. చేయి మౌసు మీద పెట్టారు.

“బేటీ, ఇగ నువ్వు చెప్పు. లైన్ మూస్త.”

ఆమెకు అర్థమైంది. కళ్ళు తుడుచుకుని, నవ్వుతూ, తెర దగ్గరికి వంగి, “ఉంట” అంది. తర్వాత మా వైపు తిరిగి, “పోయొస్తం పెద్దసారూ, పోయొస్తమక్కా” అంది. అతనూ పోయొస్తమన్నాడు. పాప అతని సంచీ పట్టీ పట్టుకుని వెనక నడిచింది, చేయి మాత్రం ఇంకా ఇవ్వలేదు.

పెద్దసారు ఆ పేజీ మూశారు. మూయగానే పండ్లాయన మళ్లీ వచ్చాడు. ఈసారి ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, ఆ ప్రకటనను మొదటి నుంచి చివరిదాకా తీరిగ్గా చదివారు.

కొన్నాళ్ళకు ఆయన రిటైరై మహబూబ్‌నగర్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. నా పండగలకు ఫోన్ చేసేవారు. ఆయన పండగలకు నేను చేసేదాన్ని. మెడ గుండీ పెట్టుకున్నరా సార్ అని అడిగేదాన్ని. ఎంతసేపు మాట్లాడినా ముందు ఆయన ‘ఉంట బేటీ’ అనాలి, తర్వాత నేను ‘ఉంట సార్’ అనాలి, అప్పుడే ఇద్దరం ఒకేసారి పెట్టేసేవాళ్ళం. నేను కూడా రిటైరయ్యాను. ఆ గదిని తర్వాత స్టోరు రూము చేశారు. భువనగిరి మీదుగా ఎప్పుడు పోయినా బస్సులోంచి అటు చూస్తాను.

చివరిసారి ఆయనే చేశారు. పండగ ఏమీ లేదు. గొంతు సన్నగా, దూరంగా ఉంది. ఆ దుబాయి పాప సంగతి అడిగారు. చేయి ఇచ్చిందా వాళ్ళ బాపుకు అని అడిగారు. ఇచ్చే ఉంటుంది సార్ అన్నాను. నవ్వారు. కాసేపు ఊపిరి మాత్రమే వినపడింది. తర్వాత, “ఉంట బేటీ” అన్నారు. నేను నోరు తెరిచేలోపు లైను కట్టయింది. తిరిగి చేశాను. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. తెల్లారి వాళ్ళ కూతురు ఫోన్ చేసి సంగతి చెప్పింది.

అందుకే తెర మీద ఏదైనా అడ్డం వచ్చి, వెనక్కి బాణం నొక్కాల్సి వచ్చినప్పుడు నా వేలు ఒక్క క్షణం ఆగుతుంది. ఆయన నేర్పిన విద్యే నన్ను పట్టుకుని ఉంది. ఆ రోజు ఆయన ఉంట అన్నారు. నేను ఇంకా అనలేదు.